నాలుగు తీగలు చాలవన్నవాళ్లు

1930ల నాటి అమెరికా డాన్స్ బ్యాండుల్లో అందరికన్నా ఒంటరివాడు బేస్ వాయించే మనిషి. అప్పట్లో బేస్ అంటే డబుల్ బేసే. మనిషిని మించిన ఎత్తు, బోలు పొట్ట, తడికీ వేడికీ పగుళ్లిచ్చే పల్చటి పలకలు. ఊరూరా తిరిగే బ్యాండులో మిగతావాళ్లంతా ఒక కారులో కబుర్లాడుకుంటూ పోతుంటే, ఇతను మాత్రం వాద్యాన్ని ఎక్కించాక ఇంకెవరికీ చోటు మిగలని కారును ఒక్కడే నడుపుకుంటూ వెళ్లేవాడు. సియాటిల్‌లో హవాయి గిటార్ పాఠాలు చెబుతూ, బ్యాండు నడుపుతూ బతికిన పాల్ టుట్‌మార్క్‌కు ఇది చూసి జాలేసేదని ఆయన కొడుకు బడ్ తర్వాతి రోజుల్లో చెప్పాడు. 1936 ప్రాంతంలో టుట్‌మార్క్ తన ఆడియోవాక్స్ కంపెనీ పేరు మీద అమ్మకానికి పెట్టిన 736 నంబరు మోడల్ ఆ జాలిలోంచే పుట్టింది. బోలు లేని గట్టి చెక్క, నాలుగు తీగలు, తీగల కింద మెట్లు, ఒక పికప్. నిలబెట్టకుండా గిటార్‌లాగే అడ్డంగా పట్టుకుని వాయించాలి. ఇవాళ బేస్ గిటార్ అంటున్న వస్తువు లక్షణాలన్నీ అందులో అప్పటికే ఉన్నాయి.

కానీ అది సియాటిల్ చుట్టుపక్కల దాటి పెద్దగా పోలేదు. దుకాణం చిన్నది. ఆ మంద్ర స్వరాన్ని హాలు చివరిదాకా మోయగల యాంప్లిఫయర్లు అప్పటికింకా రాలేదు. దాంతో చరిత్ర టుట్‌మార్క్‌ను చాలాకాలం మరచిపోయి, ఘనత మొత్తాన్నీ కాలిఫోర్నియాలోని ఒక రేడియో రిపేరు షాపు యజమానికి కట్టబెట్టింది.

ఆయన లియో ఫెండర్. 1938లో ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడు. జీవితాంతం గిటార్లు చేశాడు గానీ గిటార్ వాయించడం మాత్రం నేర్చుకోలేదు. బహుశా అదే ఆయనకు కలిసొచ్చింది: వాద్యం ఎలా ఉండాలన్న సంప్రదాయం ఆయన చేతులు కట్టెయ్యలేదు. 1951 చివర్లో బయటికి వచ్చిన ఆయన ప్రెసిషన్ బేస్‌ను చూస్తే వాద్యాలు చేసే కళాకారుడి పని కన్నా యంత్రాలు తెలిసినవాడి పనే ఎక్కువ కనిపిస్తుంది. బాడీ ఒక పలక. నెక్ ఇంకో ముక్క. రెంటినీ కలిపేవి నాలుగు స్క్రూలు. నెక్ వంగిపోయిందా, విప్పి కొత్తది బిగించుకోవచ్చు. వేర్వేరు పొడవులు ప్రయత్నించి తీగ పొడవును 34 అంగుళాల దగ్గర ఖాయం చేశారు. డబుల్ బేస్ తీగ నలభై అంగుళాల పైమాటే కాబట్టి వేళ్లకు ఇది ఊరట, అలాగని తీగ వదులై సాగిపోయేంత పొట్టీ కాదు. ఇప్పటికీ లోకంలోని బేస్ గిటార్లలో అత్యధికం ఆ 34 మీదే నడుస్తున్నాయి. మెట్లు ఉన్నందువల్ల వేలు ఎక్కడ పెట్టినా శ్రుతి తప్పదని చెప్పుకోవడానికే దానికి ప్రెసిషన్, అంటే కచ్చితత్వం, అన్న పేరు. ధర 199 డాలర్ల 50 సెంట్లు. మరుసటి ఏడాదే దానికి జోడీగా బాస్‌మన్ అనే యాంప్లిఫయర్‌ను కూడా ఆయనే తెచ్చాడు. టుట్‌మార్క్‌కు దొరకనిది అదే.

లయనెల్ హాంప్టన్ జాజ్ బ్యాండులో మొదట రాయ్ జాన్సన్, ఆ వెంటనే మాంక్ మాంట్‌గోమరీ ఈ కొత్త బేస్‌ను వేదిక ఎక్కించారు. 1952లో ‘డౌన్‌బీట్’ పత్రికలో లెనర్డ్ ఫెదర్ దాని గురించి వింతగా రాశాడు: బేస్ వాద్యం కనబడదు, బేస్ మాత్రం వినబడుతోంది! జాజ్ పెద్దలు కొందరు దాన్ని చాలా ఏళ్లు వాద్యంగానే లెక్కపెట్టలేదు. పాటల రికార్డింగ్ స్టూడియోలు అంత నామోషీ పడలేదు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ రికార్డింగ్ జరిగే ఇంట్లో కూర్చుని జేమ్స్ జేమర్‌సన్ ఒక 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీద అరవైల అమెరికా పాటకు వెన్నెముక పోశాడు. లాబెల్లా కంపెనీ లావుపాటి తీగలు, అవి తెగితే తప్ప మార్చేవాడు కాదు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే మీటేది. ఆ బేస్ ఆయనకోసం ప్రత్యేకంగా చేసిందేమీ కాదు, కొట్లో దొరికిన సరుకే. 1983లో ఆయన చనిపోయే ముందు అది దొంగలపాలైంది. ప్రత్యేకంగా చేయించుకుంటే తప్ప మంచి స్వరం రాదనే వాళ్లకు జేమర్‌సన్ ఎప్పుడూ అడ్డమొస్తాడు, ఈ వ్యాసం పొడుగునా ఆ సంగతి మనసులో పెట్టుకోవడం మంచిది.

తెలుగు శ్రోతకు ఈ వాద్యం పేరు తెలియకపోయినా పని బాగా తెలుసు. ఎనభైల్లో ఇళయరాజా పాటల్లో, ‘గీతాంజలి’ పాటల్లో చూడండి, గాయకుడి వరస కింద ఇంకో వరస సొంతంగా నడుస్తూ ఉంటుంది. తాళానికి, రాగానికి మధ్య నిలబడి రెంటినీ పట్టుకునేది అదే.

ఫెండర్ చేసింది అందరికోసం చేసిన బేస్. ఒక్కరికోసం చేసే బేస్ కథ మొదట దుకాణాల్లో మొదలవలేదు, వాయించేవాళ్ల ఇళ్లలో మొదలైంది. తర్వాత రోలింగ్ స్టోన్స్ బ్యాండులో చేరిన బిల్ వైమన్ 1961లో ఒక చవక బేస్ కొని, నచ్చక, బాడీని కోసి చిన్నది చేశాడు. అరిగిన మెట్లు పీకేసి కొత్తవి వేయిద్దామనుకున్నాడు. పీకాక వాయించి చూస్తే మెట్లు లేకుండానే బాగుంది, అలాగే ఉంచేశాడు. పదేళ్లు దాటాక ఫ్లోరిడా కుర్రాడు జాకో పస్టోరియస్ తన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ మీద ఇదే పని చేశాడు. మెట్లు పీకిన గాళ్లను పూడ్చి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పట్టించాడు. ఉక్కు తీగలు కొయ్యను కొరికెయ్యకుండా ఆ గట్టి పూత కాపాడింది, దాంతోబాటు స్వరానికి ఒక పాడే గుణం వచ్చింది. 1976లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్ విన్నాక ఎంతమంది కుర్రాళ్లు తమ బేసుల మెట్ల మీద పటకారు వేశారో లెక్కలేదు. వాటిలో చాలావరకు పాడైపోయి ఉంటాయి. మెట్లు లేని బేస్ మీద శ్రుతి నిలపడం జాకోకు వచ్చు.

ఈలోగా ఫ్యాక్టరీ మారిపోయింది. 1965 జనవరిలో లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్‌కు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. ఉత్పత్తి పెరిగింది, సరుకు పలచబడిందన్న ఫిర్యాదులూ పెరిగాయి. పాతకాలపు ఫెండర్ కోసం వెతకడం అప్పుడే మొదలైంది. కొట్లో దొరికేది నచ్చనప్పుడు కోరినట్టు చేసిచ్చేవాడి గుమ్మం తొక్కక తప్పదు.

ఆ గుమ్మం శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో తెరుచుకుంది, తెరిచినవాళ్లు చిత్రమైన మనుషులు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండుకు శబ్దం సమకూర్చే ఆవ్‌స్లీ స్టాన్లీ ఆ రోజుల్లో ఎల్‌ఎస్‌డీ తయారుచేసే రసాయనవేత్తగా ఎక్కువ పేరుమోసినవాడు. వేదిక మీద పుట్టే శబ్దం పుట్టినచోటు నుంచి వినేవాడి చెవిదాకా మచ్చ లేకుండా చేరాలన్నది ఆయన పంతం. 1969లో అలెంబిక్ మొదలైంది ఆ పంతంలోంచే. ఆంపెక్స్ టేపు రికార్డర్ల కంపెనీలో పనిచేసి వచ్చిన రాన్ వికర్‌షమ్ ఎలక్ట్రానిక్స్ చూసేవాడు. రిక్ టర్నర్ చెక్కపని చూసేవాడు. తొలిరోజుల్లో వాళ్ల పని బాగుచేతే: బ్యాండులో బేస్ వాయించే ఫిల్ లెష్ గిల్డ్ కంపెనీ వాద్యాన్ని విప్పి, లోపలి తీగలన్నీ మార్చి, కొత్త పికప్‌లు పెట్టి ఇచ్చారు. ఎంత మార్చినా కొన్ని లోపాలు పోవడం లేదు, అసలు మొదటినుంచీ మనమే చేస్తే పోదా అనే ఆలోచన అక్కడే వచ్చింది.

పికప్ సంగతి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. అయస్కాంతం చుట్టూ వెంట్రుకలాంటి రాగితీగను వేలచుట్లు చుడితే పికప్. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. చుట్లు ఎక్కువైతే ధ్వని బలంగా వస్తుంది, కానీ పై స్వరాలు మసకబారతాయి. పొడవాటి కేబుల్ ఇంకొంత మింగేస్తుంది. వికర్‌షమ్ దీన్ని తిరగేశాడు. చుట్లు తగ్గించాడు. స్వరం చిన్నబోయింది, అయితే నిండుగా, తేటగా వచ్చింది. చిన్నబోయిన దాన్ని పెంచడానికి బేస్ పొట్టలోనే చిన్న యాంప్లిఫయర్ అమర్చాడు. రెండు పికప్‌ల మధ్య మూడో చుట్ట ఒకటి పెట్టాడు, అది స్వరాన్ని పట్టదు, కరెంటు తీగల గుయ్‌మనే రొదను పట్టి మిగతా రెంటిలోంచి కొట్టేస్తుంది. ఇదంతా నడపడానికి వేదిక మీద వేరే పవర్ పెట్టె. బేస్ గిటార్‌లోకి ప్రయోగశాల దూరింది.

చెక్క విషయంలో టర్నర్ ఫెండర్ దారి వదిలేశాడు. స్క్రూలు లేవు. నెక్ బాడీ చివరిదాకా సాగుతుంది, దాని రెండు పక్కలా రెక్కల్లా బాడీ ముక్కలు అతుకుతారు. రికెన్‌బ్యాకర్ కంపెనీ 1957లోనే తన 4000 మోడల్‌కు ఈ పద్ధతి వాడింది. అలెంబిక్ ఆ నెక్‌నే మేపుల్, పర్పుల్‌హార్ట్ పట్టీలు నిలువుగా అతికి చేసింది. బొబ్బిలిలో వీణను ఒకే పనస దుంగలో తొలిచి ఏకాండిగా చేస్తారు. ఇక్కడ లెక్క తలకిందులు: ఒకే ముక్క ఎప్పుడో ఒకప్పుడు తన పోగు లాగినవైపు మెలితిరుగుతుంది, పట్టీపట్టీకి పోగు దిశ మార్చి అతికితే ఒకదాని మెలికను ఇంకోటి ఆపుతుంది. నాలుగు తీగల బిగువు కలిపి 80 కిలోల దాకా నెక్‌ను లాగుతూ ఉంటుందంటే ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది.

అలెంబిక్ పేరుతో మొదటి నంబరు పడ్డ బేస్‌ను జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బ్యాండు జాక్ కాసడీ కోసం చేశారు, అది 1972 మాట. వాయించేవాడు కోరింది కోరినట్టు చెక్కి, ఖర్చు చూడకుండా ఇచ్చిన వాద్యం. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ ‘వాల్ ఆఫ్ సౌండ్’ అనే సుమారు 75 టన్నుల స్పీకర్ల గోడ కట్టినప్పుడు లెష్ కొత్త బేస్‌లో ఏ తీగ ధ్వనిని ఆ తీగకు కేటాయించిన స్పీకర్ల వరసలోకి పంపే ఏర్పాటు ఉండేది. ఆ గోడను లారీల్లో ఊరూరా మోయలేక ఆ ఏడాది చివరికే బ్యాండు చేతులెత్తేసింది. కానీ అలెంబిక్ పని నిలిచింది.

నిలబెట్టింది స్టాన్లీ క్లార్క్. ఫిలడెల్ఫియాలో డబుల్ బేస్ శాస్త్రీయంగా నేర్చుకుని, ‘రిటర్న్ టు ఫరెవర్’ బ్యాండులో ఎలక్ట్రిక్ బేస్ పట్టిన యువకుడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కచేరీ అయ్యాక రిక్ టర్నర్ వచ్చి, నీ వాయింపు అద్భుతం, నీ బేస్ మోత మాత్రం దరిద్రం అన్నట్టుగా మొహం మీదే చెప్పి, వెంట తెచ్చిన అలెంబిక్ చేతికిచ్చాడని క్లార్క్ ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు. వేళ్లలోని వేగం అప్పటిదాకా వినబడలేదు, ఈ వాద్యం మీద ఒక్కసారిగా వినబడింది. తీగ పొడవు 34 కాదు, 30 అంగుళాల ముప్పావు. 1976లో వచ్చిన ఆయన ‘స్కూల్ డేస్’ ఆల్బమ్‌లో బేస్ వెనక వరసలోంచి లేచి ముందు కుర్చీలో కూర్చుంది. బేస్ వాయించేవాళ్లు ఇక తమ వాద్యానికి కారు ధర పెట్టడానికీ సిద్ధపడ్డారు.

అలెంబిక్ చుట్టూ చేరినవాళ్లలో జెఫ్ గౌల్డ్ అనే ఏరోస్పేస్ ఇంజనీరు ఉన్నాడు. ఈ బేసులు ఇంత బరువెందుకుండాలి, విమానాల పనికి వాడే కార్బన్ ఫైబర్‌తో నెక్ చేస్తే పోలా అన్నాడు. 1977 కల్లా అలాంటి నెక్‌తో బేస్ తయారైంది, ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండు జాన్ మెక్‌వీ దాన్ని కొనుక్కున్నాడు. చెక్క నెక్‌లో ఎక్కడో ఒకచోట స్వరం చప్పున చచ్చిపోయే మెట్టు ఉంటుంది, తీగ కదలికను నెక్ తాగేయడమే అందుకు కారణం. కార్బన్ నెక్ బిగుసుగా ఉండి ఆ జబ్బును చాలావరకు వదిలించింది. గౌల్డ్ 1978లో మాడ్యులస్ గ్రాఫైట్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నాడు.

ఇంతవరకూ మార్పులన్నీ స్వరం గుణం మీద. తీగల లెక్క మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదని కాదు, వేసినవాళ్లు గురి తప్పారు. 1965లో ఫెండర్ కంపెనీ ఐదు తీగల బేస్ ఒకటి తెచ్చింది. ఐదో తీగను పైస్థాయికి చేర్చి, అది ఉంది కదా అని మెట్లు 15కు కుదించింది. ఎవరికీ అక్కర్లేకపోయింది. 1970ల మధ్యలో మిన్నెసోటా కుర్రాడు జిమ్మీ జాన్సన్ అలెంబిక్ ఐదు తీగల బేస్ చేతికొచ్చాక ఆ ఐదోదాన్ని కిందిస్థాయికి దించాడు. వాళ్ల నాన్న ఆర్కెస్ట్రాలో డబుల్ బేస్ వాయించేవాడు, అక్కడ ఇంకా దిగువ స్వరాలు తీసే ఏర్పాట్లు ఉండడం కొడుకుకు తెలుసు. మామూలు బేస్‌లో అన్నిటికన్నా మంద్రమైన ‘ఇ’ తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఈ ‘బి’ తీగ 31 సార్లు. చెవికన్నా ముందు ఛాతీకి తగిలే స్వరం అది. అంత లావు తీగ బజారులో దొరకదు కాబట్టి తీగల కంపెనీ జీహెచ్‌ఎస్ చేత ప్రత్యేకంగా చేయించుకోవాల్సి వచ్చింది.

ఇక ఆంథనీ జాక్సన్. న్యూయార్క్ వాడు, పుట్టింది 1952లో. తనకు గురుస్థానంలో ఉన్నవాళ్లని ఆయన చెప్పుకున్న పేర్లు మూడు: జేమర్‌సన్, కాసడీ, ఫ్రెంచ్ స్వరకర్త ఒలీవియే మెస్సియాన్. 1973లో ఓజేస్ బృందం పాడిన ‘ఫర్ ద లవ్ ఆఫ్ మనీ’ పాట మొదట్లో వినిపించే బేస్ వరస ఆయనదే, పాట కర్తల్లో ఆయన పేరూ ఉంది. వాయించినంత పట్టుదలగా వాదించే మనిషి. ఆయన వాదన ఇది: ఎలక్ట్రిక్ బేస్ గిటార్ కుటుంబంలోది, గిటార్‌కు ఆరు తీగలు, దీనికి మాత్రం నాలుగెందుకు? లియో ఫెండర్ డబుల్ బేస్ వాళ్లను దృష్టిలో పెట్టుకుని నాలుగు వేశాడు గనక అందరూ నాలుగుతో సరిపెట్టుకుంటున్నారు, ఇందులో సంగీత న్యాయం ఏమీ లేదు. తనకు కిందికి ఒకటి, పైకి ఒకటి కావాలి. వాద్యానికి కాంట్రాబేస్ గిటార్ అని పేరు కూడా పెట్టేశాడు.

ఆ పిచ్చి ఆర్డరు తీసుకున్నవాడు బ్రూక్లిన్‌లో చిన్న వర్క్‌షాపు నడిపే కార్ల్ థాంప్సన్. 1975లో ఆరు తీగల బేస్ చేసిచ్చాడు. మొదటి ప్రయత్నం గనక కష్టాలూ మొదటివే. ఆరు తీగల్ని ఇరుకు నెక్ మీద సర్దడంతో వాటి మధ్య ఎడం చాలలేదు. జాక్సన్ తన పాత నాలుగు తీగల ఫెండర్‌ను ఒక్కసారిగా వదలలేదు, కొన్నేళ్లు రెండూ వాయించాడు. ఎనభైల మొదట్లో కెన్ స్మిత్ తీగల ఎడం పెంచిన నమూనాలు చేసిచ్చాక గాని ఆయన పూర్తిగా ఆరుకు మారలేదు. ఈ ఆరు తీగల ఆలోచన వింత కాదని తేలడానికి ఒక్క మనిషి ఓపిక, ముగ్గురు నలుగురు మేస్త్రీల పని, పదేళ్లు పట్టాయి.

ఆ బ్రూక్లిన్ గాలిలో ఏముందో గాని, డెబ్బైల చివర్లో బేస్ చరిత్ర తిరిగినదంతా ఆ నాలుగు వీధుల్లోనే. స్టువర్ట్ స్పెక్టర్ ఉన్న చెక్కపనివాళ్ల సహకార సంఘంలో నెడ్ స్టైన్‌బర్గర్ అనే ఫర్నిచర్ డిజైనర్ కుర్చీలు గీస్తుండేవాడు. స్పెక్టర్ బేస్‌లు చేయడం చూసి తానూ ఒకటి గీశాడు. 1977 నాటి ఎన్‌ఎస్ బేస్ వీపు లోపలికి వంపు తిరిగి మనిషి పొట్టకు ఒదుగుతుంది. కుర్చీలు గీసినవాడికే తట్టే ఆలోచన. తర్వాత ఆయన బేస్ తల వాలిపోవడం మీద పడ్డాడు. తీగలు బిగించే బిరడాల బరువంతా నెక్ కొసన ఉంటే అది నేలచూపు చూడక ఏం చేస్తుంది? బిరడాలు తీసుకొచ్చి బాడీ అడుగున పెట్టి, తలనే కోసేశాడు. కార్బన్ ఫైబర్‌తో పోతపోసిన ఆ తలలేని బేస్‌ను ఎనభైల్లో స్టింగ్, గెడీ లీ లాంటివాళ్లు వేదికల మీద చూపించారు. అందంగా ఉందా అంటే, తెడ్డు లాగుందనే చాలామంది అన్నారు. పనితీరును మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు.

స్పెక్టర్ దగ్గర, స్మిత్ దగ్గర పని నేర్చిన విన్నీ ఫొడేరా 1983లో జోయీ లౌరిచెల్లాతో కలిసి అదే బ్రూక్లిన్‌లో సొంత పేరు పెట్టుకున్నాడు. ఆ ఏడాది చేసిన ఒక మోనార్క్ బేస్ విక్టర్ వూటెన్ చేతిలో పడి లోకం చుట్టింది. 1984 నుంచి జాక్సన్ వాళ్ల దగ్గరే వాయిదాలవారీగా తన వాద్యాన్ని దిద్దించుకున్నాడు. తీగ పొడవు 34 నుంచి 36 అంగుళాలకు పెరిగింది, దానివల్ల మంద్ర తీగ వదులు తగ్గి స్పష్టత వచ్చింది. మెట్లు 28 అయ్యాయి. 1989 నాటికి బాడీ పైకొమ్ము నెక్ వెంట పైదాకా పాకి ఒకటైపోయింది. మీటలు? ఒక్కటీ లేదు. వాల్యూమ్ తిప్పే గుబ్బ కూడా లేదు. ఒక్క పికప్, దాని తీగ సూటిగా బయటికి, ధ్వని పెంచుకోవాలంటే కాలి కింద పెడల్. అలెంబిక్ మీద పెరిగిన అభిరుచి అలెంబిక్‌కు పూర్తిగా ఎదురుగా వచ్చి నిలబడింది. ఈ రెంటిలో ఏది గొప్పంటే వాదన తెగదు గాని, ప్రత్యేకంగా చేయించుకోవడమంటే నగిషీలు పెంచుకోవడమే అనుకునేవాళ్లు జాక్సన్ బేస్‌ను ఒకసారి చూడాలి.

థాంప్సన్ మాత్రం తన చిన్న షాపులోనే, నెలకు ఎన్ని అమ్మానన్న లెక్క లేకుండా, చెక్కముక్కలతో ఆడుకుంటూ ఉండిపోయాడు. ప్రైమస్ బ్యాండు లెస్ క్లేపూల్ కోసం రకరకాల చెక్కలు అతికి చేసిన మెట్లులేని ఆరు తీగల ‘రెయిన్‌బో బేస్’ ఆయన పనుల్లో అందరికీ తెలిసింది.

ఒక్కరికోసం పుట్టింది అందరి కొట్లోకి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. ఎనభైల్లో సింథసైజర్లు బేస్ గిటార్‌కు అందని లోతుల్లో మోగసాగాయి. స్టూడియోలో పని పోకుండా కాపాడుకోవాలంటే బేసిస్టుకూ ఆ లోతు కావాలి. యమహా 1984లో బీబీ5000 తెచ్చింది, మ్యూజిక్ మ్యాన్ 1987లో స్టింగ్‌రే 5 తెచ్చింది. జిమ్మీ జాన్సన్ ప్రత్యేకంగా చేయించుకున్న లావు తీగ ఇప్పుడు ప్యాకెట్లలో దొరుకుతోంది. 1987లోనే ఫెండర్ కంపెనీ కూడా కస్టమ్ షాప్ పేరుతో ఒక విభాగం తెరిచింది: అందరికీ ఒకే బేస్ అన్న ఫ్యాక్టరీయే, మీకేం కావాలో చెప్పండి అనడం మొదలుపెట్టింది. తమాషా ఏమిటంటే అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది పాత ఫెండర్‌కు నకలు.

చేయడంలోని లెక్కలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం. 34 అంగుళాలంటే 864 మిల్లీమీటర్లు, మొదటి మెట్టు 48.5 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. మిగిలిన పొడవును మళ్లీ భాగిస్తే రెండోది. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో రావాలి, రాకపోతే ఎక్కడో రంపం తప్పింది. 17.817 బదులు 18తో భాగించే పాత సూత్రాన్ని 1581లో రాసిపెట్టినవాడు ఇటలీ లూట్ విద్వాంసుడు విన్సెంజో గెలీలీ, ఖగోళం చూసిన గెలీలియోకు తండ్రి. నెక్ లోపల దాగి ఉండే ఉక్కు కడ్డీ గిబ్సన్ కంపెనీలో థాడియస్ మెక్‌హ్యూ ఆలోచన, 1923లో పేటెంటు వచ్చింది. తీగలు ముందుకు లాగిన వంపును కడ్డీ వెనక్కి లాగి సరిచేస్తుంది. కొత్తగా చేరిందల్లా రాల్ఫ్ నొవాక్ 1989లో పేటెంటు తీసుకున్న విసనకర్ర మెట్లు: సన్నతీగ పొట్టిగా, లావుతీగ పొడవుగా ఉండేలా మెట్లను ఏటవాలుగా వేయడం. కెనడాలో షెల్డన్ డింగ్‌వాల్ ఆ పద్ధతిలో ‘బి’ తీగను 37 అంగుళాలకు తీసుకెళ్లాడు.

చెక్క దగ్గరికొచ్చేసరికి లెక్కలు ఆగి నమ్మకాలు మొదలవుతాయి. ఫలానా చెక్క వెచ్చగా పలుకుతుందనీ ఫలానాది గట్టిగా పలుకుతుందనీ కేటలాగులు చెబుతాయి. పికప్ వినేది ఉక్కు తీగ కదలికనే. చెక్క ఆ కదలికను కొంత మార్చే మాట నిజమే, ఆర్డరిచ్చేవాడు ఎక్కువగా కొనేది కంటికి కనిపించే చారల్ని అన్నదీ అంతే నిజం.

అందులో ఒక చెక్క మన వైపునుంచి వెళ్తుంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ అరుదైపోయాక మెట్లు నాటే పలకకు ప్రపంచం దక్షిణ భారత రోజ్‌వుడ్ వైపు తిరిగింది. అది తూర్పు కనుమల పల్లెల్లో జిట్టేగి అనీ ఇరుగుడు అనీ పిలిచే చెట్టే. దట్టంగా, నూనె గుణంతో ఉంటుంది గనక పూత వేయకుండానే ఏళ్ల తరబడి వేళ్ల చెమట తట్టుకుంటుంది. చైనాలో రోజ్‌వుడ్ ఫర్నిచర్ గిరాకీ అడవుల్ని ఊడ్చేస్తోందని అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం సభ్యదేశాలు 2016లో జొహానెస్‌బర్గ్‌లో ఈ జాతి మొత్తాన్నీ జాబితాకెక్కించాయి. 2017 జనవరి 2 నుంచి, వాద్యంలో ఉన్నది అరచేతి వెడల్పు ముక్కే అయినా, దేశం దాటే అమ్మకానికి కాగితాలు కావాల్సి వచ్చాయి. ఫెండర్ తన మెక్సికో ఫ్యాక్టరీలో రోజ్‌వుడ్ ఆపి పౌ ఫెరో అనే వేరే చెక్కకు మారింది. సంగీత వాద్యాల వాళ్ల గోల విని 2019లో జెనీవాలో సడలింపు ఇచ్చారు: తయారైన వాద్యానికీ తయారైన భాగాలకూ అనుమతి అక్కర్లేదు. ముడి పలకకు మాత్రం ఇంకా కావాలి. అంటే ఇండోనేషియాలోనో చైనాలోనో పూర్తిగా చేసి పెట్టెకెత్తిన వెయ్యి బేసులు సాఫీగా సరిహద్దు దాటతాయి. ఒక్కరి కోసం ఒక్క బేస్ చెక్కే మేస్త్రీ ఇండియానుంచి పది పలకలు తెప్పించుకోవాలంటే రెండువైపులా ఫారాలు నింపించుకోవాలి.